నేను జీడి పెట్టిన మెడ

మా తోడికోడలి మెడలో గడ్డ ఉందని మొదట నాకు చెప్పింది మా వీధి చివర జాకెట్లు కుట్టే ఆవిడ. ఆవిడ చెప్పకపోతే మాకు ఇంకెన్నాళ్లకు తెలిసేదో. అందుకే ముందు ఆవిడకు దణ్ణం పెట్టుకుని ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను. నేనూ మా తోడికోడలూ పదిహేనేళ్లుగా ఒకే వంటింట్లో మసులుతున్నాం. అయినా నా కంటికి ఆనలేదు. జాకెట్టు మెడ సరిపోయిందో లేదో చూసుకోవడానికి వెళ్లి, అక్కడ దాహమై తను నీళ్లు తాగుతుంటే, గొంతు కింద కుడిపక్కన రేగుపండంత ఉబ్బు గుటకతో పాటు పైకి లేచి కిందికి దిగడం ఆవిడ చూసింది.

ఆ మధ్యాహ్నమే మా ఇంటికి వచ్చింది.

"వదినగారూ, ఆ పిల్లకు చెబితే బెదిరిపోద్దని మీకు చెబుతున్నా. గొంతులో ఏదో ఉందండీ. గుటకేస్తే ఎక్కి దిగుతంది. మీరు పెద్దవారు, మీ మాట మీ మరిది ఇంటాడు. గుంటూరు తీసుకెళ్లమనండి."

నేను చెప్పాను. మా మరిది ఆ వారంలోనే తీసుకెళ్లాడు. అంతవరకూ నేను చేసింది సరిగ్గానే ఉంది. తర్వాత చేసిందే ఇన్నాళ్లూ ఎవరికీ పూర్తిగా చెప్పుకోలేకపోయాను.

నేను బడికి వెళ్లినదాన్ని కాదు. మా నాయనమ్మ వంటింటి గోడ మీద బొగ్గుతో అక్షరాలు రాసి దిద్దించింది. చదవడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను, జీడి పెట్టడమూ ఆమె దగ్గరే నేర్చుకున్నాను. నల్లజీడి అంటే చాకలివాళ్లు బట్టలకు గుర్తు పెట్టే గింజ. దాన్ని సూదికి గుచ్చి దీపం సెగన కాస్తే చమురు పైకి తేలుతుంది. గవదబిళ్లలు వచ్చిన పిల్లల దవడ చుట్టూ ఆ చమురుతో చుక్కలు పెట్టేదాన్ని, నామం చెప్పుకుంటూ. నాలుగైదు రోజుల్లో వాపు తగ్గేది. ఏమీ పెట్టకపోయినా అన్ని రోజులకే తగ్గుతుందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మా ఊరివాళ్లే కాదు, చుట్టుపక్కల నుంచి కూడా పిల్లల్ని చంకన వేసుకుని వచ్చేవారు. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు. "ఆమెది మంచి చెయ్యి" అనేవారు. "నాదేముందమ్మా, అంతా స్వామి దయ" అనేదాన్ని. ఆ మాట అంటున్నప్పుడు లోపల ఎంత తియ్యగా ఉండేదో స్వామికి తెలుసు. పైకి దణ్ణం ఆయనకే పెట్టేదాన్ని కానీ పొగడ్త మాత్రం నేనే ఉంచుకునేదాన్ని.

గుంటూరు నుంచి వాళ్లు తిరిగొచ్చిన రోజు నాకు బాగా గుర్తు. కల్లంలో మిరపకాయ ఎండబోసి ఉంది, ఇంట్లోకి కూడా ఘాటు కొడుతోంది. మా మరిది చెప్పులు విప్పకుండానే వసారాలో కూలబడ్డాడు. గొంతు దగ్గర థైరాయిడ్ అని ఒక గ్రంథి ఉంటుందట, అందులో గడ్డ లేచిందట. స్కానింగులో దాని అంచులు శుభ్రంగా లేవని డాక్టరమ్మ చెప్పిందట. వచ్చే గురువారం సన్న సూది గుచ్చి లోపలి నుంచి చిటికెడు తీసి పరీక్ష చేస్తారట. దాన్ని బట్టే ఆపరేషన్ కావాలో వద్దో చెబుతారట.

"అదే నాకర్థం కాలేదు వదినా," అన్నాడు. "కోసేదుంటే ఒక్కసారే కోసి పారేయొచ్చు గదా. ముందు గుచ్చేదేంది, తర్వాత కోసేదేంది? అదేమన్నా మిర్చి యార్డా, బస్తా కోసి కాయ చూసి బేరం చేయటానికి?"

మా తోడికోడలు కొంగుతో మెడ కప్పుకుని నా పక్కన కూర్చుంది. "బస్సులో ఒకావిడ చెప్పిందక్కా. సూది పెడితే గడ్డ రేగుద్దంట. పడుకున్న పాముని కెలికినట్టంట. నిజమేనా?"

తను ఇంటర్ దాకా చదువుకున్న మనిషి. అక్షరం బడిలో నేర్చుకోని నన్ను అడిగింది, ఎందుకంటే నా మీద నమ్మకం. ఆ డాక్టరమ్మకు తెలిసినంత నాకు తెలియదని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట నా నోటికి రాలేదు.

"రేగదా మరి?" అన్నాను. "గడ్డని కదిలించగూడదని మా నాయనమ్మ చెప్పేది. ముందు నేను జీడి పెడతా. ఓ వారం చూద్దాం. తగ్గకపోతే అప్పుడు గుచ్చించుకోవచ్చు."

మా మరిది వెంటనే తేలికపడ్డాడు. "అదీ మాట. మన ఇంట్లోనే డాక్టరుంటే గుంటూరు పరిగెత్తామేంది?" అని నవ్వాడు కూడా. ఆ నవ్వుకి నేనెంత పొంగిపోయానో తలుచుకుంటే ఇప్పటికీ ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

మరునాడు స్నానం చేసి, దీపం ముందు తనను కూర్చోబెట్టి, ఉబ్బు చుట్టూ చుక్కలు పెట్టాను, దాని మీద ఒకటి. తను కళ్లు మూసుకుని చేతులు జోడించుకుంది. మూడు రోజులు వరసగా పెట్టాను. గురువారం వచ్చింది, పోయింది. ఎవరమూ గుంటూరు మాట ఎత్తలేదు.

ఆ రోజుల్లో కల్లంలో తాలు ఏరే పని ఉంది. తెల్లబడి పాడైన కాయల్ని తాలు అంటాం. వాటిని ఎర్రకాయలోంచి వేరు చేయాలి. నేను వద్దంటున్నా తను కూర్చుంది. ఎండ, చెమట, కారపు దుమ్ము, వాటి కింద నా జీడి. అయిదో రోజుకి మెడంతా బొబ్బలెక్కింది. ఆరో రోజుకి బొబ్బలు చితికి రసి కారింది. వాపు చెవి దాకా పాకింది. తల తిప్పలేక, మింగలేక తను మంచం పట్టింది.

"ఏం చేశావు వదినా దాని మెడని?" అని మా మరిది వాకిట్లో నిలబడి అరిచాడు. అంతకు ముందు ఎప్పుడూ నా మీద గొంతు లేపిన మనిషి కాదు. వీధిలో వాళ్లు తొంగి చూశారు. తను లోపల్నుంచి, మాట కూడా సరిగ్గా రాని గొంతుతో, "ఆపవయ్యా, అక్కనెందుకంటావు" అంది.

ఆ పొద్దునే కారు మాట్లాడుకుని గుంటూరు వెళ్లాం. నేనూ వెళ్లాను. దారంతా నామం చెప్పుకుంటూనే ఉన్నాను.

డాక్టరమ్మ నా కూతురి వయసుంటుంది. మెడ మీద కొంగు తీయగానే కుర్చీలోంచి లేచింది.

"ఇదేంటమ్మా? గురువారం రమ్మంటే రాలేదు. ఇదెవరు పెట్టారు?"

నేను పక్కనే ఉన్నాను. నా నోరు తెరుచుకునే లోపలే తను అంది, "నేనే పెట్టుకున్నానండి."

"నువ్వే? ఏం పెట్టావు?"

"జీడండి."

"చదువుకున్నదానివి గదా, అదేం తెలివి? నీ మెడ నీకే కనపడదు, గుండ్రంగా ఇంత వరసగా చుక్కలెట్లా పెట్టుకున్నావు?"

"అద్దంలో చూసుకునే పెట్టుకున్నానండి."

డాక్టరమ్మ తనను చాలాసేపు తిట్టింది. తను తల వంచుకుని, ఆ తిట్లన్నీ తనవే అయినట్టు వింది. నా నోట్లో నామం ఆడుతూనే ఉంది. నిజం మాత్రం రాలేదు. అది నేనేనమ్మా అని నాలుగు మాటలు అనడానికి ఎంత సేపు పడుతుంది? ఆ గదిలో మేము పావుగంట ఉన్నాం.

తిట్టిన తర్వాత ఆ తల్లి మాకు ఓపిగ్గా చెప్పింది. ఇలా పుండుపడ్డ చర్మంలోంచి సూది పంపకూడదు, పైనున్న చీము, క్రిములు లోపలికి పోతాయి. చర్మం పూర్తిగా మానాలి, మూడు వారాలు ఆగాల్సిందే. మా మరిది మళ్లీ అదే అడిగాడు, ఏకంగా కోసేయకూడదా అని.

"కోయొచ్చు. కానీ ఏది ఎంత కోయాలో చూడకుండా ఎలా కోస్తామండీ?" అంది. "ఇలాంటి గడ్డలు చాలామందికి ఏ హానీ చేయనివే. వాటికి కోతే అక్కర్లేదు, ఏడాదికోసారి చూసుకుంటే చాలు. కొన్ని మంచివి కావు. స్కానింగు అనుమానం చెబుతుంది, సూది లోపలి కణాల్ని తెచ్చి చూపిస్తుంది. అది చూడకుండా కోస్తే, అక్కర్లేని మనిషిని కోసినవాళ్లమన్నా అవుతాం, సగం తీసి మళ్లీ ఇంకోసారి కోసేవాళ్లమన్నా అవుతాం. సూది వల్ల గడ్డ రేగుతుందనేది వట్టి భయం."

"ఈ మూడు వారాల్లో పెరిగితే?" అని అడిగాడు.

"ఈ గడ్డలు మామూలుగా నిదానమే. కానీ లోపల ఏముందో చూడకుండా నేను మాటివ్వలేను."

తిరిగొస్తూ కారు వెనక సీట్లో తను నా చెయ్యి పట్టుకుంది. "ఊరంతా నీ చెయ్యి మంచిదని నమ్మిద్ది. ఆ డాక్టరు పిల్ల చేత నిన్ను తిట్టించమంటావా అక్కా? ఇదంతా నా మంచికే చేశావు నువ్వు" అంది. అన్నం పెట్టిన ప్రతివాళ్లకూ, దారి చూపిన ప్రతివాళ్లకూ దణ్ణం పెట్టే అలవాటు నాది. ఆ రోజు తనకు మాత్రం పెట్టలేకపోయాను. పెడితే ఎందుకు పెడుతున్నానో చెప్పాలిగా.

ఆ మూడు వారాలూ ఎలా గడిచాయో నాకే తెలుసు. డాక్టరమ్మ ఇచ్చిన పూత నేనే రాసేదాన్ని. రాస్తున్నప్పుడు ఆ గడ్డ నా వేలి కింద తగిలేది. పెరిగిందా, అంతే ఉందా? రోజూ అదే ఆలోచన. అద్దంలో తను చూసుకుంటుంటే నేను పెరట్లోకి వెళ్లిపోయేదాన్ని.

ఆ మధ్యలోనే ఇంకో తప్పు చేశాను. పక్క వీధి అమ్మాయి గవదబిళ్లలొచ్చిన కూతుర్ని తీసుకొచ్చింది, "పిన్నిగారూ, జీడి పెట్టండి" అని. ఇక ఆ పని చేయనని చెప్పొచ్చు. ఎందుకో చెప్పొచ్చు. నేనేం చెప్పానో తెలుసా? "దూరపు చుట్టాల్లో ఒకరు పోయారమ్మా, మైలలో ఉన్నాను, గింజ ముట్టగూడదు. పిల్లని డాక్టరుకి చూపించు" అన్నాను. నా పేరు కాపాడుకోవడానికి బతికున్న చుట్టాల్లో ఒకరిని చంపాను. ఆ అమ్మాయి పాపం, "అయ్యో, ఎవరండీ?" అని అడిగింది. "నీకు తెలియదులే" అన్నాను. ఆ సాయంత్రం దీపం పెట్టలేదు. పెట్టబోయాను. మైల అని చెప్పినదాన్ని దీపం పెడితే ఎవరన్నా చూస్తారేమోనని మానేశాను. దేవుడి ముందు దీపం మానుకున్నది భక్తి చేత కాదు, పొరుగువాళ్ల కంటికి భయపడి.

మూడు వారాలయ్యాక చర్మం మానింది, నల్లటి మచ్చలు మిగిలాయి. ఈసారి సూది పెట్టే గదిలోకి నన్ను కూడా రానిచ్చారు. తనను వెల్లకిలా పడుకోబెట్టి, భుజాల కింద దిండు పెట్టి, మెడ పైకి వచ్చేలా చేశారు. చల్లటి జిగురు పూసి, స్కానింగు బిళ్ల ఆనించి, తెర మీద గడ్డను చూసుకుంటూ డాక్టరమ్మ సూది అందుకుంది. రక్తం తీసే సూది కంటే సన్నం. "గుటక వెయ్యకు, మాట్లాడకు, కాసేపే" అంది. సూది లోపలికి వెళ్లి ఒకే చోట చిన్నగా ముందుకూ వెనక్కీ ఆడింది. బయటికి తీసి, మొనలో ఉన్న చుక్కను గాజుపలక మీద చిమ్మితే, అక్కడున్న అమ్మాయి ఇంకో పలకతో దాన్ని పల్చగా రాసింది. ఇంకో రెండుసార్లు అలాగే చేశారు. చిన్న దూది, దాని మీద చిన్న పట్టీ. అంతే. పొంగొచ్చిన అన్నం వార్చేపాటి సేపు కూడా పట్టలేదు. దీనికి నేను మూడు వారాలు అడ్డం పడ్డాను.

"నొప్పి పుట్టిందా?" అని అడిగాను, తను లేచి కూర్చున్నాక.

"చీమ కుట్టినట్టుందక్కా." కళ్లెగరేసింది. "నీ చేతిలో సూది కంటే ఈ సూదే నయం."

నాకు నవ్వొచ్చింది. నవ్వుతుంటేనే ఏడుపొచ్చింది. డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ, "ఆ మచ్చలు మెల్లగా పోతాయిలే. మళ్లీ నీ వైద్యం మాత్రం మొదలుపెట్టకు తల్లీ" అని తనతో అంటోంది.

"తను కాదండీ" అన్నాను. "పెట్టింది నేను. ఆ రోజు తను అబద్ధం చెప్పింది నా కోసం. నేను పక్కనే కూర్చుని విన్నాను."

నన్ను కూడా తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. కుళాయి కట్టేసి, తుడుచుకుని, నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఎన్నాళ్లుగా పెడుతున్నారు?"

"ముప్ఫై ఏళ్లకు పైనే."

"గవదబిళ్లలకేనా? ఇలా గొంతు మధ్యలో గడ్డలకు కూడా పెట్టారా? పెద్దవాళ్లకి?"

లేదని చెప్పబోయాను. అప్పుడు గుర్తొచ్చింది.

రెండేళ్ల కిందట మిరప కోతలకు పడమటి నుంచి వచ్చిన కూలీల్లో ఒకామె. మా చేలోనే గుడారాలు వేసుకున్నారు. ఒక సాయంత్రం మా వాకిట్లోకి వచ్చి నిలబడింది. "అమ్మా, మీరు జీడి పెడతారంట గదా" అంది. గొంతు మధ్యలో నిమ్మకాయంత గడ్డ. ఏడు రోజులు పెట్టాను, ఏడు చుక్కలు. బొబ్బలెక్కాయి. మంట పుడుతోందా అంటే, "తగ్గతాందిలేమ్మా" అంది. నేను బాధపడకూడదని అన్నదేమో అని ఇప్పుడనిపిస్తోంది. కోతలయ్యాక వెళ్లేటప్పుడు వాళ్ల మూటలోంచి ఇన్ని కొర్రలు తీసి నా కొంగులో పోసింది. నేను సంతోషంగా తీసుకున్నాను. పేరు అడగలేదు. ఏడు రోజులు ఆమె గొంతు పట్టుకుని కూర్చున్నదాన్ని, ఏమమ్మా అని తప్ప పిలవలేదు.

ఇదంతా డాక్టరమ్మకు చెప్పాను. "వీలైతే ఆమెను వెతికి పట్టుకోండి. ఆమెకూ ఈ సూది పరీక్ష కావాలి" అంది.

మా తోడికోడలి రిపోర్టు అయిదో రోజున వచ్చింది. ఆ కణాల్ని చూసి ఆరు మెట్లుగా చెబుతారట, మొదటిది చాలినన్ని కణాలు రానిది, రెండోది మంచి గడ్డ, ఆరోది కేన్సరే. తనది అయిదు. కేన్సరని గట్టి అనుమానం. ఏం తీయాలో ముందే తెలిసింది గనుక ఒకేసారి ఆపరేషన్ చేశారు. తీసిన గడ్డలో ఉన్నది కేన్సరేనని తేలింది, ఆ గ్రంథి దాటి పోలేదు. మా స్వామికి వేల దణ్ణాలు. ఇప్పుడు తను రోజూ పరగడుపున ఒక మాత్ర వేసుకుంటుంది, అంతే. గొంతు మునుపటిలాగే ఉంది, నన్ను ఆటపట్టించడమూ మునుపటిలాగే ఉంది. మూడు వారాల ఆలస్యం వల్ల నష్టమేమీ జరగలేదని డాక్టరమ్మ చెప్పింది. అది ఆ డాక్టరమ్మ మంచితనమో, మా తోడికోడలి అదృష్టమో. నేను చేసింది మాత్రం చేసిందే.

శనివారం పారాయణానికి మా ఇంట్లో కూడిన ఆడవాళ్ల ముందు జరిగింది మొత్తం చెప్పాను. జీడి సంగతీ, కూర్చుని విన్న సంగతీ, లేని చావు చెప్పి మైల పట్టిన సంగతీ. ఒక ముసలామె, "పోనీలేవే, ఇన్నాళ్లకి నువ్వూ మాలాంటిదానివేనని తెలిసింది. ఇక నీ పక్కన కూర్చోటానికి భయముండదు" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ కూలీ ఆమె మాత్రం దొరకలేదు. కూలీలను తీసుకొచ్చే మేస్త్రికి ఫోను చేయిస్తే, "ఆ ఏడాది లారీలకి లారీలొచ్చారమ్మా, గొంతులో గడ్డున్నామె అంటే నేనెవర్నని చెప్పను?" అన్నాడు. ఈ ఏడాది కోతలకు వచ్చినవాళ్ల గుడారాలన్నీ తిరిగాను. వినుకొండ బస్టాండులో వాళ్ల మూటల మధ్య కూర్చుని అడిగాను. ఒకామె ఆలోచించి, "మా పక్కూర్లో ఒకామె ఉండ్యా, పోయినేడు నుంచి కోతలకు రాలేదమ్మా" అంది. ఏ ఊరో చెప్పింది. మా మరిదే నన్ను తీసుకెళ్లాడు. ఆమె వేరే మనిషి, చెయ్యి విరిగి రాలేకపోయిందట. ఆమె మెడ నున్నగా ఉంది. ఆ ఊరివాళ్లు మాకు మజ్జిగ ఇచ్చి పంపారు.

అందుకే ఇది రాశాను. నాకు ఆమె పేరు తెలియదు. నలభై ఏళ్లుంటాయి, పొడవుగా, సన్నగా ఉంటుంది, నవ్వితే పక్క పన్ను ఒకటి లేదు. గొంతు మీద గుండ్రంగా ఏడు నల్లమచ్చలుంటాయి, అవి నేను పెట్టినవి. మీ చేలో కోస్తూనో, రైల్లో మీ ఎదురుగానో కనిపిస్తే, జీడి పెట్టిన ఆమె తప్పు చేసిందని చెప్పి, సూది పరీక్షకు భయపడొద్దని చెప్పి, దగ్గరుండి తీసుకెళ్లండి. కనిపించకపోయినా, మీరు దీపం పెట్టుకునే వేళ ఆమెను ఒక్కసారి తలుచుకోండి. నన్ను తలుచుకోనక్కర్లేదు.